అడగండి చెప్తాను: ఫ్రెంచి భాషకి ఇల్లయిన రాజుగారి కోట

పోయిన నెల ఈ పేజీలో ఒకావిడ "పారిస్ లో అందరూ చూసేవి కాకుండా ఇంకేం చూడొచ్చు" అని అడిగితే విలెర్ కొత్రే అనే ఊళ్లో ఉన్న కోట గురించి నాలుగు లైన్లు రాశాను. పాడుబడ్డ రాజుగారి కోటని బాగుచేసి అందులో ఫ్రెంచి భాషకి ఒక మ్యూజియం పెట్టారు, నేను వెళ్లొచ్చాను, నాకు చాలా నచ్చింది అని. అంతే రాసింది. ఆ నాలుగు లైన్లకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అస్సలు అనుకోలేదు, అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా, మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి పారిస్ లో జాబ్ చేస్తున్నాడు, వేసవిలో నేనూ మావారూ రెండు నెలలు అక్కడే ఉంటాం. మాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. మాకు రాని భాషకి పెట్టిన మ్యూజియంలో మేం ఏం చూస్తామండీ? (విజయవాడ నుంచి ఒక అమ్మ)

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. ముందు ఒక మాట, కోట అన్నానని కొండపల్లి, గోల్కొండ ఊహించుకోకండి, ఇది రాజుగారు వేటకి వచ్చినప్పుడు దిగడానికి కట్టించుకున్న పెద్ద మహలు. ఊరి పక్కనే దాదాపు 13,000 హెక్టార్ల అడవి ఉంది, అందుకే ఇక్కడ కట్టించాడు. కట్టించింది మొదటి ఫ్రాన్స్వా. 1515 లో గద్దె ఎక్కి 1547 దాకా ఏలాడు, అంటే మన రాయలవారు హంపీలో ఉన్న రోజుల్లోనే ఈయన అక్కడ రాజయ్యాడన్నమాట. ఈ మహలు పని మొదలైంది 1530 ప్రాంతంలో.

లోపలికి వెళ్లగానే ఒక పెద్ద చావడి వస్తుంది, దాని పేరు జ ద పోమ్ చావడి. పోమ్ అంటే అరచెయ్యి, పూర్వం అరచేత్తో బంతి కొట్టి ఆడే ఆట అది, ఇప్పటి టెన్నిస్ కి తాతలాంటిది. ఆ చావడి మీద ఇప్పుడు గాజు కప్పు వేశారు, ఆ కప్పు కింద గాల్లో మాటలు వేలాడదీశారు, వంద దాకా ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో ఫ్రెంచి మాట. ఎండ పడినప్పుడు మెడ ఎత్తి చూస్తే నాకు మా ఊరి పందిట్లో కట్టిన రంగు కాయితాలు గుర్తొచ్చాయి. ఆ మాటలకి అర్థం తెలియక్కర్లేదు, ఒక జాతి తన మాటల్ని ఇలా నెత్తిన పెట్టుకుందే అని అనిపిస్తుంది చూడండి, దానికి భాష రానక్కర్లేదు. ఈ చావడిలోకి టికెట్ కూడా అక్కర్లేదు.

మెట్లదారులు చూడండి. ఆ కాలపు మెట్లదారులు ఇంకా అలానే ఉన్నాయి, పైకప్పుకి రాతిలో చెక్కిన గళ్లు, పక్కన ప్రార్థన మందిరంలో రాజుగారి పేరులో మొదటి అక్షరం, నిప్పులో కూడా కాలదని వాళ్లు నమ్మిన బల్లిలాంటి జీవి బొమ్మ, అది ఈయన గుర్తు. రాతి పని మీద మోజున్న మనవాళ్లకి (లేపాక్షి చూసిన కళ్లు కదా) అక్కడే అరగంట పడుతుంది.

అసలు ప్రదర్శన 15 గదులు. ప్రపంచంలో వేర్వేరు చోట్ల ఫ్రెంచి ఎలా మాట్లాడతారు, ఆ భాష ఎక్కడెక్కడి నుంచి మాటలు తెచ్చుకుంది, దాన్ని ప్రభుత్వం ఎలా చేతిలోకి తీసుకుంది, ఇలా మూడు భాగాలు. స్క్రీన్లు, ఆడియో ఎక్కువ, పాత కాయితాలూ పుస్తకాలూ ఉన్నాయి, ఇంగ్లీషులో కూడా రాసి ఉంటుంది. ఒక గదిలో మెషీన్ మనల్ని ప్రశ్నలడిగి మనకి నప్పే పుస్తకం పేరు చెప్తుంది, పిల్లలు అక్కడి నుంచి కదలరు. మీవారికి కాళ్లనొప్పులుంటే గదులన్నీ ఒకే ఊపులో తిరగకండి, మధ్యలో కాఫీ తాగి మళ్లీ వెళ్లండి.

ప్రశ్న: మాది యానాం. మా తాతయ్య జనన పత్రం ఇంట్లో ఉంది, మొత్తం ఫ్రెంచిలో ఉంటుంది. నాన్నకి చదవడం రాదు, నాకు అసలే రాదు. పోయిన నెల మీరు రాసింది చదివాక ఆ కాయితం బయటికి తీశాను. ఆ కోటకీ ఈ కాయితానికీ ఏమైనా సంబంధం ఉందా? లేక నేనే ఊహించుకుంటున్నానా? (యానాం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఉత్తరం చదివి నేను కాసేపు అలానే కూర్చుండిపోయాను తల్లీ. మీరు ఊహించుకోవడం కాదు, సంబంధం ఉంది, సూటిగా ఉంది.

1539 ఆగస్టులో ఫ్రాన్స్వా రాజు ఈ విలెర్ కొత్రేలో ఉన్నప్పుడే ఒక శాసనం మీద సంతకం పెట్టాడు. ఆ కోట పేరు చరిత్రలో నిలిచింది దాని వల్లే. అందులో 192 అంశాలు ఉన్నాయి, ఎక్కువ భాగం కోర్టుల గొడవే, చర్చి కోర్టుల అధికారం ఎంతవరకు, కేసు ఎలా నడపాలి అని. అందరూ చెప్పుకునేది 110, 111 అంశాలు: తీర్పులు అనుమానానికి తావు లేకుండా స్పష్టంగా రాయాలి, లాటిన్ మాటలు అర్థంకాక గొడవలు వస్తున్నాయి కాబట్టి ఇకనుంచి కోర్టు కాయితాలన్నీ ఫ్రెంచి మాతృభాషలోనే రాయాలి, వేరేలా కాదు అని. కానీ మీకు సంబంధించింది 51 వ అంశం. పిల్లలకి చర్చిలో నామకరణం చేసినప్పుడు రిజిస్టర్ లో రాయాలి, పుట్టిన రోజూ వేళా కూడా రాయాలి, అది ఋజువుగా పనికి రావాలి అని. అంటే సామాన్యుడి పుట్టుకని కాయితం మీద పెట్టమని రాజు ఫ్రాన్స్ దేశం మొత్తానికి చెప్పడం అక్కడ మొదలైంది. తర్వాత 1792 లో విప్లవం రోజుల్లో ఆ రిజిస్టర్లు చర్చి చేతి నుంచి ఊరి మేయర్ ఆఫీసు చేతికి వచ్చాయి. ఫ్రెంచివాళ్లు ఎక్కడికి వెళ్తే అక్కడికి ఆ రిజిస్టర్ ని పట్టుకెళ్లారు, గోదావరి ఒడ్డున ఉన్న మీ ఊరిక్కూడా. మీ తాతయ్య పుట్టాడని రాసిన ఆ కాయితం ఆ రిజిస్టర్ పిల్లే.

ఇక చదవడం సంగతి. పైన "ఆక్త్ ద నెసాంస్" అని ఉంటే అదే జనన పత్రం. "ఫిస్ ద" అంటే ఫలానావాళ్ల కొడుకు, "ఫీ ద" అంటే కూతురు. సంవత్సరం అంకెల్లో వెతక్కండి, దొరకదు, పాత కాయితాల్లో అక్షరాల్లో రాస్తారు. "మిల్ నఫ్ సాఁ త్రాంత్" అంటే వెయ్యి తొమ్మిది వందల ముప్ఫై, 1930. ఎనభైని వాళ్లు "నాలుగు ఇరవైలు" అంటారు, తొంభైని "నాలుగు ఇరవైల పది" అంటారు, పందొమ్మిదో శతాబ్దం కాయితమైతే అక్కడ తికమక పడతారు, జాగ్రత్త. మీ ఊరి పేరు "యానావోఁ" అని రాసి ఉంటుంది, ఫ్రెంచిలో యానాం పేరు అదే. వందేళ్లు దాటిన వలస ప్రాంతాల రిజిస్టర్లని ఫ్రాన్స్ లో ఎక్స్ ఆఁ ప్రొవాఁస్ అనే ఊళ్లో ఉన్న ఆర్కైవ్స్ వాళ్లు నెట్ లో పెట్టారు, భారతదేశం కింద యానావోఁ అని వెతికితే ముత్తాతల దాకా వెళ్లొచ్చు. ఓపిక కావాలి, చేతిరాత కదా.

ఇంకో రెండు విషయాలు చెప్తా, మీ ఊరివాళ్లకి తెలిసే ఉంటాయి గానీ మిగతా పాఠకుల కోసం. యానాం 1954 జూన్ 13 న ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది, అదే ఏడు నవంబర్ 1 న పుదుచ్చేరితో పాటు పాలన మన చేతికి వచ్చింది, ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28 న, ఫ్రాన్స్ వాళ్ల పార్లమెంటు ఒప్పుకుని అది అమల్లోకి వచ్చేసరికి 1962 ఆగస్టు 16. అప్పుడు అక్కడ పుట్టి అక్కడే ఉంటున్నవాళ్లకి ఆరు నెలలు గడువిచ్చారు, ఫ్రెంచి పౌరులుగానే ఉండాలనుకుంటే రాసివ్వండి అని. మీ తాతయ్య రాసివ్వలేదనుకుంటా, మీరు యానాంలోనే ఉన్నారంటే. ఆ ఒప్పందంలోనే ఇంకో అంశం ఉంది, ప్రజలు ఎన్నుకున్నవాళ్లు వేరేలా నిర్ణయించేదాకా అక్కడ ఫ్రెంచి అధికార భాషగా ఉంటుంది అని. కోటలో ఆ పాత శాసనం గురించి చదువుతూ నేను అనుకున్నది యానాం గురించే. లాటిన్ రాని ఫ్రెంచి రైతుకి కాయితం అర్థం కావాలని రాసిన చట్టం, నాలుగు వందల ఏళ్ల తర్వాత ఫ్రెంచి రాని తెలుగు ఇంట్లో ఎవరూ చదవలేని కాయితమై బీరువాలో ఉంది. ఆ కాయితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి గానీ లామినేషన్ మాత్రం చేయించకండి, పాత కాయితం పాడైపోతుంది.

ప్రశ్న: ఆ ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తే "విల్లర్స్ కొట్టెరెట్స్" అని చదవాలనిపిస్తుంది. మీరు "విలెర్ కొత్రే" అని రాశారు. ఏది కరెక్టు? (కాకినాడ, డిగ్రీ స్టూడెంట్)

జవాబు: నేను రాసిందే. ఫ్రెంచిలో చివరి హల్లులు చాలావరకు పలకరు, కానీ రాస్తారు. ఒకప్పుడు పలికేవాళ్లు, నోరు మారిపోయింది, చెయ్యి మారలేదు. తెలుగులో మనం రాసిందే పలుకుతాం కాబట్టి మనకి వింతగా ఉంటుంది గానీ, ఆ పలకని అక్షరాల్లో మాట పాత రూపం దాగి ఉంటుంది. స్టేషన్లో అనౌన్స్‌మెంట్ వినేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, లేకపోతే దిగాల్సిన చోట దిగరు.

ప్రశ్న: నేను అడ్వొకేట్ ని. ఆ కోట పేరు చెప్పగానే వచ్చే 1539 చట్టం సామాన్యుడి కోసం చేశారని అంటుంటారు. కానీ నేను చదివినంతలో ఆ రోజుల్లో ఫ్రాన్స్ లో సగం పైగా జనానికి ఫ్రెంచి రాదు. మరి లాటిన్ తీసేసి ఫ్రెంచి పెడితే సామాన్యుడికి ఒరిగిందేంటి? ఒక రాని భాష బదులు ఇంకో రాని భాష కదా? (హైదరాబాద్)

జవాబు: సార్, మీ ప్రశ్న కరెక్టు. దీని మీద పండితులే ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. "ఫ్రెంచి మాతృభాష" అన్నారే, ఆ మాటకి అర్థం ఏంటి? రాజు మాట్లాడే ఫ్రెంచి ఒక్కటేనా, లేక ఆ దేశంలో ఎవరి ఇంటిభాష వాళ్లదా, లాటిన్ కాకుంటే చాలా? కొందరు ఇలా అంటారు, కొందరు అలా అంటారు. నాకనిపించేది ఏంటంటే 1539 లో వాళ్ల గురి లాటిన్ మీదే, పల్లెటూరి భాషల మీద కాదు. శాసనం మాట్లాడేది కోర్టు కాయితాల గురించి, జనం ఇంట్లో ఏం మాట్లాడుకోవాలని కాదు.

కానీ తర్వాత జరిగింది వేరు. 1794 లో గ్రెగ్వార్ అనే మతగురువు, ఆయన విప్లవ ప్రభుత్వంలో సభ్యుడు, ఒక నివేదిక ఇచ్చాడు. ఫ్రాన్స్ లో కనీసం 60 లక్షల మందికి, ముఖ్యంగా పల్లెల్లో, ఫ్రెంచి అసలు తెలియదు, శుద్ధంగా మాట్లాడేవాళ్లు 30 లక్షలు దాటరు అని. ఆ నివేదిక పేరులోనే ఉంది ఉద్దేశం, పల్లె భాషల్ని తుడిచిపెట్టి ఫ్రెంచిని అందరిదీ చెయ్యాలి అని. ఆ తర్వాత బడులు వచ్చాయి. బ్రెతాఞ్ ప్రాంతంలో బడిలో బ్రెతోఁ మాట్లాడిన పిల్లాడి మెడలో చెక్క చెప్పు లాంటి వస్తువు వేలాడదీసేవాళ్లు, వాడు ఇంకో పిల్లాడు ఆ భాష మాట్లాడుతుంటే పట్టుకుని వాడి మెడలో వెయ్యాలి, సాయంత్రానికి ఎవడి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. మన ఇంగ్లీషు మీడియం బడుల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసిన రోజులు నాకు తెలుసు, కాబట్టి ఈ సంగతి నేను చల్లగా చదవలేకపోయాను.

కోటలో దీని గురించి ఉందా అంటే ఉంది. మూడో భాగం మొత్తం భాషా ప్రభుత్వమూ అన్న విషయమే, ప్రాంతీయ భాషల సంగతి దాచలేదు. కానీ నా ఉద్దేశంలో చాలదు, ఆ పిల్లాడి మెడలో వేలాడిన చెక్కకి ఇంకా పెద్ద చోటు ఇవ్వాల్సింది. ఇప్పటికీ వాళ్ల రాజ్యాంగం రెండో అంశంలో "గణతంత్రం భాష ఫ్రెంచి" అనే ఉంటుంది, 1992 లో చేర్చారు. 1539 శాసనంలో ఆ 110, 111 అంశాలైతే ఇప్పటికీ అమల్లో ఉన్నాయి, ఫ్రాన్స్ లో ఇంకా నడుస్తున్న చట్టాల్లో అన్నిటికన్నా పాతవి అవే.

మీరు లాయర్ కాబట్టి ఇంకోటి. మన కోర్టులో వాడే మాటలు ఒక్కసారి లెక్కపెట్టండి. కోర్టు, జడ్జి, జైలు, బెయిలు, వారంటు, అప్పీలు, ప్లీడరు. ఇవన్నీ ఇంగ్లీషు అనుకుంటాం, కానీ ఇంగ్లీషువాళ్లు వీటిని పాత ఫ్రెంచి నుంచి తీసుకున్నారు. 1066 లో నార్మన్లు ఇంగ్లండ్ గెలిచాక కొన్ని వందల ఏళ్లు అక్కడి కోర్టుల్లో ఫ్రెంచే నడిచింది, వాళ్లు కూడా 1362 లో చట్టం చేసుకున్నారు, కోర్టులో వాదించే భాష ఇంగ్లీషు కావాలి, జనానికి ఫ్రెంచి అర్థం కావట్లేదు అని. మా ఊళ్లో గట్టు తగాదాకి బెయిలు తెచ్చుకున్న రైతు నోట్లో ఉన్నది పాత ఫ్రెంచి మాటే. ఇంకా సంతోషం ఏంటంటే 2023 జూన్ లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పుని తెలుగులో ఇచ్చింది, అన్నదమ్ముల ఆస్తి తగాదాలో. మీకు తెలియంది కాదు. ఆ తీర్పు చేతికొచ్చినవాళ్లు దాన్ని ఇంట్లో కూర్చుని తామే చదువుకుని ఉంటారు కదా, వకీలుగారు వచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేకుండా.

ప్రశ్న: ఒక భాషకి కోట బాగుచెయ్యడానికి రెండు వందల మిలియన్ యూరోలు ఖర్చు పెట్టారని విన్నాను. నిజమేనా? ఆ డబ్బుతో ఎన్ని బడులు కట్టొచ్చు? మన తెలుగుకి ఇలాంటిది కావాలంటారా? (వరంగల్, రిటైర్డ్ టీచర్)

జవాబు: మాస్టారూ, నిజమే, 20 కోట్ల యూరోలు దాటింది. ప్రెసిడెంట్ మాక్రోఁ పట్టుబట్టి చేయించారు, 2023 అక్టోబర్ 30 న ఆయనే ప్రారంభించారు, నవంబర్ 1 నుంచి జనాన్ని రానిచ్చారు. (ఆంధ్రప్రదేశ్ అవతరణ రోజు, యానాం మన చేతికొచ్చిన రోజు, అన్నీ అదే తేదీ, నాకు భలే అనిపించింది.)

డబ్బు సంగతి మీరడిగింది న్యాయమే. కానీ ఆ కోట ఎలా ఉండేదో తెలిస్తే మీరు కూడా కొంచెం మెత్తబడతారు. కాలం గడిచేకొద్దీ రాజులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, పద్నాలుగో లూయీ తన తమ్ముడికి ఇచ్చేశాడు, ఆ తమ్ముడి దగ్గర 1664 సెప్టెంబర్ లో ఫ్రెంచి నాటక రచయిత మోలియేర్ తన టార్టఫ్ నాటకంలో మొదటి మూడు అంకాలు ఇక్కడే ఆడాడు, పారిస్ లో జనం ముందు ఆడకూడదని అప్పటికే ఆపేశారు దాన్ని. విప్లవం వచ్చింది, సామాన్లు పోయాయి. 1808 లో నెపోలియన్ దీన్ని బిచ్చగాళ్ల ఆశ్రమం చేశాడు, ఆశ్రమం అన్నది మెత్తటి మాట, పారిస్ వీధుల్లో అడుక్కునేవాళ్లని పట్టుకొచ్చి ఇక్కడ పెట్టేవాళ్లు. ఆ తర్వాత ముసలివాళ్ల ఇల్లు అయింది, అలా 2014 దాకా నడిచింది. రెండు వందల ఏళ్లు మాస్టారూ! రాజులు ఉన్నది ఎంత, ఈ పేదవాళ్లు ఉన్నది ఎంత? వాళ్లు వెళ్లిపోయాక కప్పు కారిపోతూ గోడలు నానిపోతూ ఉంది. బాగుచెయ్యకపోతే కూలిపోయేదే.

పైగా అది పారిస్ లో కాదు, జనాభా పదివేల దగ్గర ఉన్న ఊళ్లో, పనులు తక్కువగా ఉన్న ప్రాంతంలో పెట్టారు, అది నాకు నచ్చింది. 2024 అక్టోబర్ లో ఫ్రెంచి మాట్లాడే దేశాల పెద్దలందరూ సమావేశమైంది కూడా ఆ ఊళ్లోనే, పారిస్ లో ఒకరోజు ఇక్కడ ఒకరోజు. 2022 లెక్క ప్రకారం ఫ్రెంచి మాట్లాడేవాళ్లు 32 కోట్ల మంది, వాళ్లలో రోజూ వాడేవాళ్లు ఫ్రాన్స్ కన్నా ఆఫ్రికాలోనే ఎక్కువ. ఆ సంగతి మొదటి గదుల్లోనే చెప్పేస్తారు, ఫ్రెంచి అంటే ఫ్రాన్స్ ఒక్కటే కాదని.

మన తెలుగుకి కావాలా అంటే, కావాలి మాస్టారూ, గట్టిగా కావాలి. కానీ మహలు అక్కర్లేదు. రేనాటి చోళుల కలమళ్ల శాసనం దగ్గర నుంచి మొదలుపెట్టి, ఏడో తరగతి పిల్లాడికి అర్థమయ్యేలా, పిల్లలు ముట్టుకుని విని ఆడుకునేలా ఒక ఇల్లు చాలు, కడప మాట, శ్రీకాకుళం మాట, కరీంనగర్ మాట, తమిళనాడులో కొన్ని వందల ఏళ్లుగా తెలుగు నిలబెట్టుకున్న ఇళ్లల్లో మాట, అన్నీ బటన్ నొక్కితే వినపడాలి. 2008 లో ప్రాచీన భాష హోదా వచ్చింది, నెల్లూరులో కేంద్రం ఉంది, పండితులకి అది ఉంది. పిల్లలకి లేదు.

ప్రశ్న: మా నాన్నగారు చిన్నప్పుడు తెలుగులో ముగ్గురు మస్కటీర్ల కథ చదివి మాకు రాత్రుళ్లు చెప్పేవారు. ఆ రచయితది కూడా ఈ ఊరే అని ఎక్కడో చదివాను. నిజమా? (గుంటూరు)

జవాబు: నిజమండీ. అలెగ్జాండర్ డ్యూమా ఈ విలెర్ కొత్రేలోనే 1802 జూలై 24 న పుట్టాడు. ఆయన కథ కన్నా వాళ్ల నాన్న కథ ఇంకా పెద్దది. ఆయన తోమా అలెగ్జాండర్ డ్యూమా, కరీబియన్ దీవుల్లో ఇప్పటి హైతీ ఉన్న చోట 1762 లో పుట్టాడు, తల్లి మరీ సెసెత్ అనే నల్లజాతి బానిస, తండ్రి ఫ్రెంచి దొర. ఆ బానిస బిడ్డ ఫ్రెంచి సైన్యంలో చేరి జనరల్ అయ్యాడు. నెపోలియన్ తో పడలేదు, 1806 లో ఈ ఊళ్లోనే పోయాడు, ఆయన భార్యకి పింఛను కూడా ఇవ్వలేదు. కొడుక్కి అప్పటికి నాలుగేళ్లు నిండలేదు. కోట బిచ్చగాళ్ల ఆశ్రమం అయినప్పుడు ఈ పిల్లాడు అదే ఊళ్లో, ఆ గోడల పక్కనే పెరుగుతున్నాడు, ఎదిగి ఫ్రెంచిలో లోకం మొత్తం చదివిన కథలు రాశాడు. 1870 లో పోయాడు, తర్వాత ఈ ఊరి శ్మశానంలోనే తల్లిదండ్రుల పక్కన పెట్టారు. 2002 లో, పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా, పారిస్ లో పాంథియోన్ కి, అంటే ఆ దేశపు గొప్పవాళ్లని సమాధి చేసే మందిరానికి, మార్చారు, శవపేటిక మీద నీలం గుడ్డ కప్పి దాని మీద మస్కటీర్ల మాట రాశారు, అందరి కోసం ఒక్కడు, ఒక్కడి కోసం అందరూ అని. ఊళ్లో ఆయన పేరు మీద చిన్న మ్యూజియం ఉంది, వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. మీ నాన్నగారు ఉంటే ఆ ఊరి ఫోటో ఒకటి చూపించండి.

ప్రశ్న: ఫ్రెంచిలోకి మన తెలుగు మాట ఏదైనా వెళ్లిందా? ఊరికే కుతూహలం. (రాజమండ్రి)

జవాబు: వెళ్లింది! పందికొక్కు. మన పందికొక్కుని ఇంగ్లీషువాళ్లు "బ్యాండికూట్" అన్నారు, తర్వాత ఆస్ట్రేలియాలో పొట్టకి సంచి ఉండే ఒక చిన్న జంతువుకి అదే పేరు పెట్టేశారు, ఆ మాట అలానే ఫ్రెంచిలోకీ పోయింది, ఫ్రెంచివాళ్లు "బాందికూత్" అంటారు. మన వడ్ల గాదె కింద బొరియ తవ్వే జంతువు పేరు ఫ్రెంచి డిక్షనరీలో ఉందంటే మా అమ్మ నమ్మలేదు. తమిళం నుంచి కట్టుమరం "కాతామరాఁ" అయింది, తమిళంలో కూరని అనే కరి "కారీ" అయింది. కోటలో మాటల ప్రయాణం గురించిన గది చూస్తుంటే నేను మనసులో ఈ పందికొక్కునే వెతుక్కున్నాను.

ప్రశ్న: ప్రాక్టికల్ గా చెప్పండి ప్లీజ్. పారిస్ నుంచి ఎలా వెళ్లాలి, ఎంత టైం, టికెట్ ఎంత, ఇద్దరు పిల్లలతో (6, 11) వెళ్తే రోజంతా పడుతుందా, వెజిటేరియన్ ఫుడ్ దొరుకుతుందా? (లండన్ నుంచి ఒక తెలుగు కుటుంబం)

జవాబు: పారిస్ లో గార్ దు నోర్ స్టేషన్ కి వెళ్లండి, మీ లండన్ ట్రైన్ దిగేది కూడా అక్కడే కాబట్టి మీకు ఇంకా ఈజీ. అక్కడి నుంచి లాఁ వైపు వెళ్లే ప్రాంతీయ రైలు ఎక్కితే గంట లోపు, దూరం 80 కిలోమీటర్ల దాకా. పారిస్ మెట్రో పాస్ పనికిరాదు, ఆ ఊరు పారిస్ ప్రాంతం దాటి ఎన్ అనే జిల్లాలో ఉంది, విడిగా టికెట్ కొనాలి, చాలామంది ఇక్కడే ఫైన్ కడతారు. స్టేషన్ నుంచి కోటకి నడక పది నిమిషాలు. తిరుగు రైలు టైం ముందే చూసుకోండి, గంటకొకటి ఉంటుందని అనుకోకండి.

నేను వెళ్లినప్పుడు ప్రదర్శన టికెట్ పెద్దవాళ్లకి 9 యూరోలు, పిల్లలకి ఫ్రీ. ప్రదర్శనకి రెండు గంటలు, చావడి, తోట, పుస్తకాల షాపుకి ఇంకో గంట. ఆరేళ్ల వాడికి మొదటి గదులూ, పుస్తకం చెప్పే మెషీనూ చాలు, చట్టాల గదుల్లోకి వాణ్ణి లాక్కెళ్లకండి, ఒకరు తోటలో ఆడించండి, ఇంకొకరు పదకొండేళ్ల పాపతో వెళ్లండి. తర్వాత వంతులు మార్చుకోండి. మిగిలిన టైం ఉంటే అడవి వైపు నడవండి, పెద్ద పెద్ద చెట్లు, చల్లగా ఉంటుంది.

ఫుడ్ అంటే కాఫీ, కేకులు, సాండ్విచ్ లాంటివి దొరుకుతాయి, పూర్తి శాకాహారం అంటే కొంచెం వెతుక్కోవాలి. మేం పులిహోర కట్టుకెళ్లాం, తోటలో కూర్చుని తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం మాత్రం వెళ్లకండి, మూసేస్తారు.